కరెంటు రేటు కట్టే కుర్చీల ఎవలు కూసుంటున్నరు?

కొన్నేండ్ల కింద హన్మకొండల కరెంటు రేట్ల మీద పబ్లిక్ హియరింగ్ అయితుంటే వోయి కూసున్న. ముందట స్టేజి మీద కమిషన్ సార్లు. ఒక పక్క డిస్కం ఆఫీసర్లు, ఫైళ్లు, ల్యాప్‌టాపులు. ఇవుతల మేము. రైతు సంఘాలోళ్లు, రైస్ మిల్లులోళ్లు, రిటైరైన ఇంజినీర్లు, ఇద్దరు ముగ్గురు విలేకర్లు. నా పక్కపొంటి ఒక తాత కూసున్నడు. నెత్తికి రుమాలు, చేతిల నాలుగు మడతలు వెట్టిన దరఖాస్తు. ఊర్ల ట్రాన్స్‌ఫార్మర్ కాలి దినాలు గడుస్తున్నయట, పొలం పర్రెలు వారుతున్నదట, అది చెప్పుకుందామని అచ్చిండు.

గంటసేపు ఇన్నడు. ఆ మాటలల్ల సగం ఇంగ్లిష్, సగం లెక్కలు. ఇగ ఆగలేక నా దిక్కు వంగి మెల్లగ అడిగిండు: "బిడ్డా, గా నడుమ కూసున్న సారు ఇంతకముందు ఏం పని జేసిండు?"

నాకు జవాబు రాలే. యూనిట్‌కు ఎంత, సబ్సిడీ ఎంత, నష్టం ఎంత, గవన్నీ రాసుకొని వోయిన. గని గా లెక్కలు తేల్చేటోళ్లు ఎవలు, ఏ కొలువు జేసి అచ్చిన్రు, ఏ ఫైళ్ల మీద సంతకాలు వెట్టి అచ్చిన్రు అన్నది నేను ఎన్నడు అడగలే. నేనే గాదు, శానమంది అడగరు. ఎమ్మెల్యే ఆస్తులెన్ని, కేసులెన్ని అని ఎన్నికలప్పుడు అందరికి ఎర్కైతది. నెలనెల మన ఇంటికి అచ్చే బిల్లు మీద రాత రాసేటోళ్ల ముచ్చట మాత్రం ఎవలకు పట్టది.

గా తాత ప్రశ్నకు జవాబు ఎతుక్కుంట నేను తెలుసుకున్న సంగతులే గివి.

గీ కమిషన్ ఎందుకు పుట్టింది

ఒకప్పుడు కరెంటు అంటే ఎలక్ట్రిసిటీ బోర్డే. తయారు చేసుడు, మోసుకచ్చుడు, పంచుడు, బిల్లు వసూలు, అన్ని ఒక్క కాడనే. రేటు ఎంత అనేది సర్కారు ఇష్టం. 1990లల్ల ప్రపంచ బ్యాంకు అప్పులతోని సంస్కరణలు షురూ అయినయ్. దేశంల మొట్టమొదలు ఒడిశా 1995ల చట్టం చేసి, 1996ల రెగ్యులేటరీ కమిషన్ వెట్టింది. మన కాడ ఉమ్మడి రాష్ట్రంల 1998ల చట్టం చేసిన్రు, 1999ల కమిషన్ అచ్చింది. బోర్డును ముక్కలు చేసిన్రు. జెన్‌కో ఒకటి, ట్రాన్స్‌కో ఒకటి, పంచేటందుకు డిస్కంలు.

అప్పుడు చెప్పిన మాట ఏందంటే, ఇగ రేట్లు రాజకీయ నాయకులు కట్టరు, తెలిసినోళ్లు, ఎటు మొగ్గనోళ్లు కూసొని, అందరి మాట ఇని, లెక్క తీసి కడ్తరు అని. మాట మంచిదే. గని ఆ కొత్త కమిషన్ మొదటి రేట్ల ఆర్డర్ అచ్చినంక ఏమైందో హైదరాబాద్ బషీర్‌బాగ్ చౌరస్తాకు ఎర్కే. 2000 ఆగస్టు 28న కరెంటు చార్జీలు తగ్గియ్యాలె అని అసెంబ్లీ దిక్కు వోతున్న జనం మీద పోలీసులు కాల్పులు జరిపిన్రు. ముగ్గురు పానం ఇడిసిన్రు. గా దినం సర్కారు రేట్లు పెంచింది కమిషన్ అన్నది. జనం మాత్రం సర్కారునే అడిగిన్రు. గప్పటి సంది ఇప్పటిదాంక కమిషన్ అంటే సర్కారు అడ్డం వెట్టుకునే డాలా, జనం పట్టుకునే కర్రా అన్న ప్రశ్న తెగలే.

అది తేలాలంటే కుర్చీల కూసున్నోళ్లు ఎవలో సూడాలె.

చట్టం ఏమంటది

ఇప్పుడు దేశమంత నడిచేది 2003 విద్యుత్ చట్టం. దాని ప్రకారం రాష్ట్ర కమిషన్ల చైర్మన్‌తోని కలిపి ముగ్గురి కంటె ఎక్కువ ఉండొద్దు. వాళ్లకు ఏం అర్హత ఉండాలె అన్నది 84వ సెక్షన్ చెప్తది. సత్తా, నిజాయితీ, పేరు ఉన్నోళ్లు కావాలె. ఇంజినీరింగ్, ఫైనాన్స్, కామర్స్, ఎకనామిక్స్, లా, మేనేజ్‌మెంట్, గీ ఆరింటిల ఏదన్నొకదాంట్ల తెలివి, అనుభవం ఉండాలె. అంతే.

గీడ ఒక మతలబు ఉన్నది. ఢిల్లీల ఉండే కేంద్ర కమిషన్‌కు గిదే చట్టం 77వ సెక్షన్ల ఖుల్లా లెక్క కట్టింది. ఒకరు ఇంజినీరింగ్ నుంచి, ఒకరు ఫైనాన్స్ నుంచి, ఇద్దరు ఎకనామిక్స్, కామర్స్, లా, మేనేజ్‌మెంట్ నుంచి రావాలె అన్నది. ఈ ఇద్దరు కూడ ఒక్క తీరోళ్లు కావొద్దు. అంటే ఏ కన్ను గుడ్డిది కాకుండ సూసుకున్నరు. రాష్ట్రాలకు అచ్చేసరికి గా లెక్క ఇడిసిపెట్టిన్రు. ముగ్గురికి ముగ్గురు ఒక్క డిపార్ట్‌మెంట్ల పని చేసినోళ్లే అయినా గా సెక్షన్ రాత అడ్డం రాదు. ఇంటి బిల్లు, బాయి మోటరు, మిల్లు కరెంటు, అన్ని కట్టేది రాష్ట్ర కమిషనే. జనానికి దగ్గరున్నదానికే రక్షణ తక్కువ.

ఎన్నుకునే తీరు 85వ సెక్షన్ల ఉంటది. హైకోర్టు జడ్జిగ చేసినాయన ఒకరు అధ్యక్షుడు. రాష్ట్ర చీఫ్ సెక్రటరీ ఒకరు. కేంద్ర విద్యుత్ అథారిటీ చైర్మనో, కేంద్ర కమిషన్ చైర్మనో ఇంకొకరు. గీ ముగ్గురు ఒక్కో ఖాళీకి రెండు పేర్లు తీసి సర్కారుకు ఇయ్యాలె. సర్కారు అందుల ఒకటి ఏరుకుంటది. పేరు ఇచ్చే ముందు, గా మనిషికి పైసల పరంగ గాని ఇంకే తీర్గ గాని అడ్డమచ్చే సంబంధం లేదని కమిటీ నమ్మకం చేసుకోవాలె.

కాయితం మీద బాగనే ఉన్నది. గని గా రెండు పేర్లు ఎవలవి, ఎందుకు ఏరిన్రు, ఇంకొకాయన్ని ఎందుకు పక్కకు వెట్టిన్రు అన్నది జనం ముందట వెట్టాలె అని చట్టంల ఎక్కడ లేదు. గందుకే మనకు తెల్లారి పేపర్ల పేరు కనవడుతది. ఎన్క కథ కనవడది.

తెలంగాణ కుర్చీలు, ఖాళీలు

మన రాష్ట్రం అచ్చినంక 2014ల మన కమిషన్ మనకు అచ్చింది, గా ఏడాది నవంబర్ల పని షురూ చేసింది. మొదటి చైర్మన్ ఇస్మాయిల్ అలీ ఖాన్. ఆయన కాలం 2019 జనవరిల ఒడిసింది. ఇగ కొత్తోళ్లు అచ్చింది అక్టోబర్ ఆఖర్ల. తొమ్మిది నెలలు కమిషన్ పని ఎక్కడిదక్కడ ఆగింది. చైర్మన్ తన్నీరు శ్రీరంగారావు, టెక్నికల్ మెంబర్ మనోహర్ రాజు, ఫైనాన్స్ మెంబర్ బండారు కృష్ణయ్య అచ్చినంక మళ్ల కదిలింది.

జర సోంచాయించున్రి. 65 ఏండ్లకు దిగిపోవాలె అన్నది చట్టంల ఉన్నది. మనిషి పుట్టిన తారీకు సర్కారు కాడ ఉన్నది. పదవి ఒడిసే ఆరు నెలల ముందే సెలక్షన్ కమిటీకి ముచ్చట పంపాలె, కమిటీ మూడు నెలలల్ల పేర్లు తేల్చాలె అని గదే చట్టం చెప్పింది. అంటే 2018 నడిమిట్లనే పని షురూ కావాలె. అయినా కుర్చీలు ఖాళీగ ఉన్నయంటే అది యాదిమరుపు గాదు. రేట్లు పెంచే ముచ్చట ఎన్కకు వోతే ఎవలకు మంచిదో రాజకీయం తెలిసినోళ్లకు చెప్పే పని లేదు.

దాని ఫలితం మనమే కట్టినం. 2018-19 రేట్లే ఏండ్లకేండ్లు సాగినయ్. డిస్కంలు ఏడాది లెక్కలు టైముకు దాఖలు చెయ్యలే. లెక్క రాకుంటే కమిషనే సొంతంగ కేసు షురూ చెయ్యాలె అని విద్యుత్ అప్పిలేట్ ట్రిబ్యునల్ 2011 నవంబర్లనే అన్ని రాష్ట్రాల కమిషన్లకు చెప్పింది. మన కాడ గది కాలే. ఆఖరికి 2022 మార్చిల ఆర్డర్ అచ్చింది. ఇండ్ల కరెంటుకు యూనిట్‌కు యాబై పైసల దాంక, మిగిలినోళ్లకు రూపాయి దాంక ఒక్కసారే పడ్డది. మెల్లమెల్లగ ఎక్కాల్సిన మెట్లు ఒక్క దూకుల ఎక్కిచ్చిన్రు. మోకాళ్లు వోయింది బిల్లు కట్టేటోనివి.

గని న్యాయం మాట్లాడాలె. గదే కమిషన్ 2024 అక్టోబర్ల, పదవి ఒడిసే చివరి దినాలల్ల, డిస్కంలు అడిగినదానికి వద్దన్నది. 300 యూనిట్లు దాటినోళ్లకు ఫిక్స్‌డ్ చార్జి పది రూపాయల నుంచి యాబైకి పెంచుతమంటే ఒప్పుకోలే. అంటే కమిషన్ తల్చుకుంటే కాదనొచ్చు. కాదన్నప్పుడు సర్కారు కూలిపోదు, కరెంటు ఆగిపోదు. గిది యాది పెట్టుకోవాలె.

గా తర్వాత హైకోర్టు జడ్జిగ చేసిన జస్టిస్ దేవరాజు నాగార్జున్ చైర్మన్‌గ అచ్చిన్రు. గని మెంబర్ల కుర్చీలు రెండు ఖాళీ. కొన్ని నెలలు చైర్మన్ ఒక్కరే కమిషన్. ఖాళీ ఉన్నంత మాత్రాన తీర్పు చెల్లకుండ పోదు అని చట్టం అంటది, నిజమే. గని ముగ్గురు ఉండాల్సిన కాడ ఒక్కరే ఉంటే, ఇంజినీరింగ్ ప్రశ్న అడిగేటోడు ఎవలు? లెక్కల చిక్కు ఇప్పేటోడు ఎవలు?

జడ్జి కూసుంటే

చైర్మన్ కుర్చీల జడ్జిని కూసోవెట్టాలె అని కొందరు గట్టిగ అంటరు. అందుకు కారణం ఉన్నది. కమిషన్ వట్టి ఆఫీసు గాదు, సగం కోర్టు. కంపెనీకి, డిస్కంకు నడుమ వందల కోట్ల పంచాయితీలు తెంపుతది. పొరుగు ఆంధ్రప్రదేశ్ల రాష్ట్రం విడిపోయినంక జస్టిస్ భవానీ ప్రసాద్, ఆయన ఎనుక జస్టిస్ సి.వి. నాగార్జున రెడ్డి చైర్మన్లుగ చేసిన్రు. ఇద్దరు హైకోర్టు జడ్జిలుగ చేసినోళ్లే.

గీ ముచ్చట మీద సుప్రీంకోర్టు 2018 ఏప్రిల్ 12న తీర్పిచ్చింది. గుజరాత్ కేసు. చైర్మన్ జడ్జే కావాలె అని లేదన్నది. గని కమిషన్ల ఒక్కరన్న లా తెలిసినోళ్లు తప్పకుండ ఉండాలె అన్నది. జడ్జి కొలువు చేసినోళ్లు గాని, జడ్జి అయ్యేటంత అనుభవం ఉన్న వకీలు గాని. గది పట్టించుకోకపోతే ఏమైతదో 2020ల కేంద్ర కమిషన్ల కనవడ్డది. లా మెంబర్ లేడని సుప్రీంకోర్టు గట్టిగ పట్టుకున్నది. కేంద్ర కమిషన్ పని కొన్ని నెలలు నిలవడ్డది.

జడ్జి ఉంటే లాభమేందంటే, రెండు దిక్కుల మాట ఇనుడు, కారణం రాసి తీర్పిచ్చుడు అలవాటు ఉంటది. తాత దరఖాస్తు పట్టుకొని నిలవడితే ఆయన మాట కూడ రికార్డుల ఎక్కాలె అని తెలుస్తది. గని రెండు ముచ్చట్లు మరువొద్దు. ఒకటి, జడ్జిని చైర్మన్ చేస్తే సెలక్షన్ కమిటీ పనే లేదు. హైకోర్టు చీఫ్ జస్టిస్‌ను సంప్రదించి సర్కారు నేరుగ వెట్టుకోవచ్చు. రెండు, హైకోర్టు జడ్జి 62 ఏండ్లకు దిగుతరు. కేంద్ర చట్టం లెక్కన ఈఆర్సీ కుర్చీల 65 దాంకనే. దిగిన తెల్లారే అచ్చి కూసున్నా మూడేండ్లు. బొగ్గు లెక్క, గ్రిడ్ లెక్క, డిస్కం లెక్క సమజయ్యేసరికే ఒక ఏడాది వోతది. గందుకే జడ్జి పక్కకు లెక్క తెలిసినోళ్లు ఉండుడు మస్తు అవసరం.

జడ్జి పేరు మీద కూడ రాజకీయం ఎంత నడుస్తదో 2023ల ఢిల్లీ సూపెట్టింది. అక్కడి కమిషన్ చైర్మన్ ఎవలు కావాలె అని ఢిల్లీ సర్కారుకు, లెఫ్టినెంట్ గవర్నర్‌కు లడాయి అయ్యింది. ఇద్దరికి కుదరక, ఆఖరికి సుప్రీంకోర్టే జస్టిస్ జయంత్ నాథ్‌ను తాత్కాలికంగ కూసోవెట్టింది. కుర్చీకి విలువ లేకుంటే గంత కొట్లాట ఎందుకైతది?

పెద్ద ఆఫీసరు కూసుంటే

దేశంల శాన రాష్ట్రాలల్ల రిటైరైన ఐఏఎస్‌లు గీ కుర్చీలల్ల కనవడుతరు. గుజరాత్‌ల చీఫ్ సెక్రటరీగ చేసి దిగిన అనిల్ ముకీమ్ అక్కడి కమిషన్ చైర్మన్ అయిండు. మహారాష్ట్రల చీఫ్ సెక్రటరీగ చేసిన సంజయ్ కుమార్ అక్కడి కమిషన్ చైర్మన్ అయిండు. నేను వాళ్ల పనితనం మీద మాట్లాడుతలేను. తొవ్వ మీద మాట్లాడుతున్న.

సెలక్షన్ కమిటీల కూసునే చీఫ్ సెక్రటరీ ముందటికి నిన్నటి చీఫ్ సెక్రటరీ పేరు అస్తది. రేపు తన పేరు కూడ ఇంకొకల ముందటికి రావొచ్చు. గిది లంచం గాదు, కుట్ర గాదు. ఒక్క బడిల సదివినోళ్ల నడుమ ఉండే మొహమాటం. గని మొహమాటం కూడ జనం పైసల మీద పడుతది.

ఆఫీసరుకు ఉన్న బలం, సర్కారు యంత్రం ఎట్ల తిరుగుతదో ఎర్క ఉండుడు. సబ్సిడీ పైసలు ముందుగాల కట్టాలె అని 65వ సెక్షన్ చెప్తది, ఆర్థిక శాఖ గా ఫైలు ఏ టేబుల్ మీద ఆపుతదో ఆయనకు తెలుసు. బలహీనత కూడ గదే. ముప్పై ఏండ్లు సర్కారు మాట నడిపిచ్చిన మనిషి, ఒక్క దినంల సర్కారుకు ఎదురు చెప్పే మనిషి ఎట్లైతడు? డిస్కంలు సర్కారువే. అంటే పిటిషన్ వేసేటోడు, సబ్సిడీ ఇచ్చేటోడు, కుర్చీ ఇచ్చేటోడు ముగ్గురు ఒక్కరే. గా ఒక్కరికి కాదని చెప్పే గుండె కావాలె.

కరెంటు కంపెనీల చేసినోళ్లు కూసుంటే

టెక్నికల్ మెంబర్, ఫైనాన్స్ మెంబర్ అంటే శాన తాపల కరెంటు సంస్థలల్ల చేసి రిటైరైనోళ్లే అస్తరు. గీడ ముచ్చట జర లోతుగ సూడాలె. ఎందుకంటే అసలు పైస దాసుకునేది గీ లెక్కలల్లనే.

ఒక్క యూనిట్ కరెంటుకు ఎంత బొగ్గు కాలుతది? గని నుంచి ప్లాంటుకు అచ్చేదాంక తొవ్వల ఎంత తరుగు పోయింది? ప్లాంటు ఏడాదిల ఎన్ని దినాలు నడిచింది, నడవకున్నా ఫిక్స్‌డ్ చార్జి ఎంత కట్టినం? లైన్లల్ల వోయే కరెంటు ఎంత, దొంగతనంల వోయేది ఎంత? గివి తీర్గ తీర్గ తిప్పి రాయొచ్చు. ఒక్క పైస తేడా వడ్డా, కోట్ల యూనిట్ల మీద కోట్ల రూపాయలు.

ఇంకొకటి బాయి మోటర్ల లెక్క. తెలంగాణల ఇరవై లక్షలకు పైన మోటర్లు ఉన్నయ్. 2018 జనవరి 1 నుంచి 24 గంటల ఫ్రీ కరెంటు. మోటర్లకు మీటర్లు లేవు. మరి ఎవుసానికి ఎంత కరెంటు వోయిందని ఎట్ల చెప్తరు? కొన్ని ట్రాన్స్‌ఫార్మర్ల కాడ మీటర్లు వెట్టి, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ చెప్పిన పద్ధతిల అంచనా కడ్తరు. అంచనా అంటేనే అటు ఇటు జరుగుతది. దొంగతనంల వోయింది, పాత వైర్లల్ల వోయింది, అన్ని రైతు పద్దుల ఏస్తే అడిగేటోడు లేడు. డిస్కం నష్టాలు తక్కువ కనవడతయ్, రైతు వాడింది ఎక్కువ కనవడుతది, ఎనుక "ఫ్రీ కరెంటుతోని మునుగుతున్నం" అని రైతునే అంటరు. గా అంచనా కాయితాన్ని పట్టుకొని, ఏ ట్రాన్స్‌ఫార్మర్ ఏరిన్రు, ఏ నెలల సూసిన్రు, ఎన్ని మీటర్లు చెడిపోయి ఉన్నయ్ అని అడిగేది ఎవలు? సబ్‌స్టేషన్ల రాత్రి డ్యూటీ చేసిన ఇంజినీరే అడగగలడు. వకీలు అడగలేడు, ఐఏఎస్ అడగలేడు.

గందుకే ఇంజినీరు కావాలె. గని గా ఇంజినీరు నిన్నటిదాంక గదే డిస్కంల, గదే జెన్‌కోల పెద్ద పోస్టుల ఉంటే? తాను తయారు చేసిన లెక్క తన ముందటికే పరీక్షకు అస్తది. తాను సంతకం వెట్టిన కొనుగోలు మీద తానే తీర్పు చెప్పాలె. కింద కూసున్న ఆఫీసర్లు ఆయన చేతి కింద పని చేసినోళ్లు. మనిషి ఎంత మంచోడైనా, తన పాత లెక్కను తానే తప్పని రాసుడు తేలిక గాదు.

చట్టం గిది సగమే సూసింది. కమిషన్ల నుంచి దిగినంక రెండేండ్లు వ్యాపార కొలువు చెయ్యొద్దు అన్నది. మంచిదే. పోయే తలుపుకు తాళం వెట్టిన్రు. అచ్చే తలుపుకు మాత్రం తాళం లేదు. నిన్న కంపెనీల దిగి ఇయ్యాల కమిషన్ల ఎక్కొచ్చు. కమిటీ "నమ్మకం చేసుకోవాలె" అన్న ఒక్క మాట తప్ప అడ్డం లేదు.

గిది ఎంత పెద్ద ముచ్చటనో ఛత్తీస్‌గఢ్ ఒప్పందం చెప్తది. 2014 నవంబర్ల రెండు రాష్ట్రాల నడుమ ఎంవోయూ, 2015 సెప్టెంబర్ల 1000 మెగావాట్ల కొనుగోలు ఒప్పందం అయినయ్. టెండర్ పిలువలే. కమిషన్ ముందటికి అచ్చినప్పుడు అభ్యంతరాలు చెప్పినోళ్లల్ల కరెంటు సంస్థల కొలువు చేసుకుంటున్న ఇంజినీరు కూడ ఉన్నడు. లెక్క లోపట నుంచి తెలిసినోడు ఎట్ల అడుగుతడో గప్పుడు అందరికి కనవడ్డది. కాలం తిరిగి 2024ల కొత్త సర్కారు గా ఒప్పందం మీద, భద్రాద్రి, యాదాద్రి ప్లాంట్ల మీద ఎంక్వైరీ కమిషన్ వెట్టింది. అప్పుడు మాజీ ముఖ్యమంత్రి కేసీఆర్ చెప్పిన పెద్ద జవాబు ఏంది? ఈఆర్సీ ఒప్పుకున్నదాని మీద మళ్ల ఎంక్వైరీ ఏంది అని. కేసు సుప్రీంకోర్టు దాంక వోయింది. 2024 జులైల ఎంక్వైరీ చేసే జడ్జి మారిండు, జస్టిస్ నరసింహారెడ్డి జాగల జస్టిస్ మదన్ లోకూర్ అచ్చిండు.

ఎవలది రైటు, ఎవలది తప్పు అన్నది నేను గీడ తెంపను. నేను అనేది ఒక్కటే. ఈఆర్సీ ముద్ర అంటే గంత బలమున్నది. పదేండ్ల తర్వాత కూడ గా ముద్రను డాలు లెక్క ముందట వెట్టొచ్చు. గసొంటి ముద్ర కొట్టే చెయ్యి ఎవలది అని ముందుగాల్నే అడుగుడు మన హక్కు గాదా?

ఎవలు లేరు

ఉన్నోళ్ల ముచ్చట అయ్యింది. లేనోళ్లను కూడ సూడాలె. 2014 నుంచి 2024 దాంక తెలంగాణ కమిషన్ల కూసున్నోళ్ల పేర్లు సదువున్రి. ఒక్క ఆడామె లేదు. రాత్రిపూట కరెంటు వోతే పిల్లలతోని తిప్పలు పడేది, బిల్లు సూసి సరుకుల పైసలల్ల కోత వెట్టేది ఎవలు? ఎకనామిక్స్ చట్టంల రాసిన ఆరింటిల ఒకటి, గని యూనివర్సిటీల ఎవుసం మీద, పేదల ఖర్చుల మీద పని చేసిన పంతుళ్లు గీ కుర్చీల దాంక అచ్చుడు కనవడది. వినియోగదారుల దిక్కు కొట్లాడినోళ్ల అనుభవాన్ని అనుభవం లెక్క సూసుడు కనవడది.

వాళ్లకు చట్టం ఇచ్చింది సలహా కమిటీ. 21 మంది దాంక ఉండొచ్చు. వ్యాపారం, పరిశ్రమ, ఎవుసం, కార్మికులు, వినియోగదారులు, సంఘాలు, చదువుకున్నోళ్లు అందరు. పేరులనే ఉన్నది, సలహా. ఇనాలె అని లేదు.

"మంచి మనిషి ఉంటే సాలు, ఏ కొలువు చేసి అస్తే ఏంది?" అని దోస్తులు నాతోని వాదిస్తరు. కాదనను. కంపెనీల నుంచి అచ్చి కంపెనీకే చెమటలు పట్టిచ్చినోళ్లు ఉంటరు. జడ్జిగ అచ్చి డిస్కం లెక్కను కళ్లు మూసుకొని నమ్మేటోళ్లు ఉంటరు. గని మంచి మనిషి దొరుకుతడని ఆశ వెట్టుకొని వ్యవస్థ కట్టొద్దు. ముగ్గురు మూడు దిక్కుల నుంచి అస్తే, ఒకరికి కనవడనిది ఇంకొకరికి కనవడుతది, ఒకరు మొహమాటపడ్డ కాడ ఇంకొకరు అడుగుతరు. ఎద్దుల బండికి రెండు ఎద్దులు ఎందుకు కడ్తరో రైతుకు చెప్పే పని లేదు.

ఇంకొక మాట ఢిల్లీ నుంచి అచ్చింది. రాష్ట్రాలు సక్కగ ఏరుకుంటలేవు గనక దేశమంతటికి ఒక్కటే సెలక్షన్ కమిటీ వెడతమని 2020ల విద్యుత్ సవరణ బిల్లు ముసాయిదాల పెట్టిన్రు. నేను దానికి కూడ నారాజే. సిరిసిల్ల సాంచాల కరెంటు, నల్లగొండ బోర్ల కరెంటు మీద తీర్పు చెప్పేటోన్ని ఢిల్లీ ఏరుకుంటే మనకింక దూరమైతడు. రోగం గీడ ఉన్నదని వైద్యం హక్కును ఇడిసిపెడ్తమా?

మనం అడగాల్సింది

పెద్ద పెద్ద కోరికలు కావు, చట్టం మార్చకుండనే సర్కారు చెయ్యగల పనులు గివి.

ఒకటి. కుర్చీ ఖాళీ అయ్యే ఆరు నెలల ముందు ఖాళీ తారీకు అందరికి చెప్పాలె. చట్టం చెప్పినట్టు ఫైలు కదిలిందా లేదా జనానికి కనవడాలె. 2019 తీరు మళ్ల రావొద్దు.

రెండు. కమిటీ ఏరిన రెండు పేర్లు, వాళ్లు చేసిన కొలువులు, ఏ సంస్థల ఏ పోస్టుల ఎన్నేండ్లు ఉన్నరు అన్నది తెలుగుల రాసి బయట వెట్టాలె. ఎమ్మెల్యే అఫిడవిట్ వెట్టంగ లేనిది, కరెంటు రేటు కట్టేటోళ్లు వెడితే తప్పేంది?

మూడు. ముగ్గురిల ఒకరు లా, ఒకరు ఇంజినీరింగ్, ఒకరు ఫైనాన్స్ గాని ఎకనామిక్స్ గాని తెలిసినోళ్లు ఉండేటట్టు సర్కారు తనకు తాను కట్టుబాటు వెట్టుకోవాలె. కేంద్ర కమిషన్‌కు ఉన్న లెక్క మనకెందుకు ఉండొద్దు?

నాలుగు. కరెంటు కంపెనీల నుంచి అచ్చిన మెంబరు, తాను పని చేసినప్పటి ఒప్పందాలు ముందటికి అస్తే పక్కకు జరగాలె. జరిగిండని ఆర్డర్‌ల రాయాలె.

ఐదు. జనం దిక్కు మాట్లాడేటందుకు ఒక మనిషిని వెట్టే అధికారం 94వ సెక్షన్ కింద కమిషన్‌కు ఉన్నది. డిస్కం దిక్కు వకీళ్లు, ఆడిటర్లు, ఇంజినీర్లు ఉంటరు. తాత దిక్కు నాలుగు మడతల దరఖాస్తు ఒక్కటే ఉంటది. గా తక్కెడ జరంత సమానం చెయ్యాలె.

ఆ దినం హన్మకొండల పొద్దుమూకే యాల్లకు తాత పేరు పిలిచిన్రు. రెండు నిమిషాలు మాట్లాడిండు. ట్రాన్స్‌ఫార్మర్ ముచ్చట చెప్పిండు, పొలం ముచ్చట చెప్పిండు. ఆఫీసర్లు రాసుకున్నరు. బయటకు అచ్చినంక బస్టాండు దాంక కలిసి నడిచినం. "నువ్వడిగినదానికి నాకు తెల్వకపాయె తాతా" అన్న. నవ్విండు. "నీకే తెల్వకపోతే మాకేం తెలుస్తది బిడ్డా. కూలోన్ని పిలిచినా ఇంతకముందు ఎవల కాడ పని చేసినవ్ అని అడిగి పనిల వెట్టుకుంటం గదా, గందుకే అడిగిన" అన్నడు.

మళ్ల హియరింగ్ పెడితే నేను వోత. గీసారి లెక్కల కాయితాలతోని పాటు, కుర్చీలల్ల కూసున్నోళ్లు ఏ తొవ్వల అచ్చిన్రో అది కూడ రాసుకొని వోత. మీరు కూడ రాసుకొని రాన్రి.